సొరంగంలో సిగ్నల్ పోయింది... స్పానిష్ వచ్చింది!

‘మలేత’ అంటే సూట్‌కేస్. స్పానిష్‌లో నాకు బాగా వచ్చిన మాటల్లో ఇదొకటి. యాప్‌లో 94 రోజుల స్ట్రీక్ ఉన్నవాణ్ణి మరి! రోజూ రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు ఫోన్ నొక్కడం, టింగ్ మని సౌండ్ రావడం, ‘అబ్బో, నాకు భాష వచ్చేస్తోంది’ అనుకుని పడుకోవడం. ఆఫీసు పని మీద మూడు వారాలు మాడ్రిడ్ పంపిస్తున్నారంటే అందుకే ధీమాగా బయల్దేరాను.

రెండో వీకెండ్‌లో ఒక్కణ్ణే గ్రనాడా వెళ్లాను. బస్సులో అయిదు గంటల ప్రయాణం. దిగగానే అమ్మకి వీడియో కాల్ చేసి ‘ఇదిగోనమ్మా ఊరు, అదిగో కొండ’ అని చూపిస్తూ నిలబడ్డాను. కాల్ అయ్యి వెనక్కి తిరిగేసరికి బస్సు లేదు. డిక్కీలో నా సూట్‌కేసూ లేదు. తప్పు పూర్తిగా నాదే.

కౌంటర్‌లో ఉన్నావిడకి ఇంగ్లీషు రాదు. ట్రాన్స్‌లేటర్ ఓపెన్ చేద్దామంటే ఫోన్‌లో రెండు శాతం ఛార్జింగ్. ఛార్జర్ సూట్‌కేస్‌లో. ‘మలేత... నో... అవుతొబూస్’ అన్నాను. ఆవిడకి విషయం అర్థమైంది. ‘కోమొ ఎస్ ల మలేత?’ అని అడిగింది. ఎలా ఉంటుంది నీ పెట్టె? ‘అసూల్’ అన్నాను. నీలం. ఆవిడ నవ్వింది. నీలం సూట్‌కేసులు ఆ బస్సులో ఎన్నుంటాయో!

ఒక చక్రం విరిగింది. హ్యాండిల్‌కి అమ్మ ఎర్ర దారం కట్టింది. ఈ రెండు ముక్కలు చెబితే చాలు, ఎవరైనా గుర్తుపట్టేస్తారు. ఆ రెండూ నాకు రాలేదు. ‘చక్రం’ యాప్‌లో చదివాను, గుర్తుంది... చదివినట్టు గుర్తుంది, మాట గుర్తు లేదు.

అసలు భయం వేరే. నాకు చిన్నప్పట్నుంచీ ఆస్తమా. ఇన్‌హేలర్ ఆ పెట్టెలోనే ఉంది. ఆ రాత్రి హాస్టల్‌లో కిటికీ మూసుకుని, ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. అదృష్టం, ఏమీ కాలేదు. మర్నాడు మధ్యాహ్నం కౌంటర్ ఆవిడ తెల్ల కాగితం, పెన్ను నా ముందుకు తోసింది. బొమ్మ వేశాను. చక్రం, దారం, అన్నీ. సాయంత్రానికి పెట్టె వచ్చింది. ఆవకాయ సీసా కూడా పగల్లేదు.

చూస్తే వచ్చినట్టే ఉంటుంది

వైజాగ్ తిరిగొచ్చాక నన్ను తొలిచేసిన ప్రశ్న ఒకటే. 94 రోజులు నేను చేసిందేంటి?

జవాబు సింపుల్. నేను మాటల్ని చూశాను, బయటికి లాగలేదు. నాలుగు బొమ్మల్లో సరైనది నొక్కడం వేరు, ఖాళీ బుర్రలోంచి మాట తీయడం వేరు. మన భాషలో చెప్పాలంటే మల్టిపుల్ చాయిస్‌కీ, వైవాకీ ఉన్న తేడా. ఇంజినీరింగ్ చదివిన ఎవరికైనా ఆ తేడా ఒంటికి తెలుసు!

దీన్ని పరీక్ష పెట్టి చూసినవాళ్లూ ఉన్నారు. అమెరికాకు చెందిన జెఫ్రీ కార్పికీ, హెన్రీ రోడిగర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థులకి 40 స్వాహిలీ మాటలు నేర్పారు. ఒకసారి వచ్చిన మాటని కొందరు మళ్లీ మళ్లీ చదివారంతే. కొందరు చూడకుండా మళ్లీ మళ్లీ చెప్పారు. వారం తర్వాత పరీక్ష పెడితే, చెప్పినవాళ్లకి దాదాపు 80 శాతం మాటలు గుర్తున్నాయి. చదివి ఊరుకున్నవాళ్లకి మూడో వంతు దగ్గరే ఆగిపోయాయి. ఈ ఫలితాలు 2008లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి.

అంటే నాకు కావాల్సింది ఇంకో యాప్ కాదు. ఫోన్ చూసే వీల్లేని చోటు. అలాంటి చోటు మన వైజాగ్ పక్కనే ఉంది.

58 సొరంగాల క్లాస్‌రూమ్

పొద్దున్నే విశాఖలో బయల్దేరే కిరండుల్ పాసింజర్ ఎక్కినవాళ్లకి తెలుసు. కొత్తవలస, ఎస్.కోట, బొడ్డవర వరకూ మామూలు రైలే. అక్కణ్ణుంచి కొండెక్కడం మొదలు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపాన్‌కి పంపడం కోసం 1960ల్లో వేసిన లైన్ ఇది. కొత్తవలస నుంచి కిరండుల్ దాకా మొత్తం 58 సొరంగాలు. 2017లో అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించాక రీల్స్‌లో ఈ సొరంగాలు మరీ ఫేమస్ అయిపోయాయి.

సొరంగంలోకి దూరగానే ఏమవుతుంది? పిల్లలు కేకలు పెడతారు. సిగ్నల్ పోతుంది. యాప్ గిరగిరా తిరుగుతూ ఆగిపోతుంది. అదే నాకు కావాల్సింది.

నా పద్ధతి ఇది. వెలుతురున్నప్పుడు బోగీలో కనిపించే వస్తువు ఒకటి ఎంచుకోవడం, దాని మాట ఒక్కసారి చూసుకోవడం. సొరంగం రాగానే ఫోన్ బోర్లా పెట్టి, చీకట్లో ఆ మాట, దాని ముందు మాట, ఆ ముందుది పైకి అనడం. రాకపోతే బుర్ర గోక్కోవాలి తప్ప ఫోన్ తిప్పకూడదు. బయటికొచ్చాక సరిచూసుకోవడం. నాలుగు గంటల ప్రయాణంలో ఇరవై మాటలు పెట్టుకున్నాను. దిగేసరికి పద్దెనిమిది వచ్చాయి. నెల తర్వాత కూడా పదిహేను ఉన్నాయి. 94 రోజుల స్ట్రీక్ నాకు ఇవ్వనిది ఇదే.

మీ పెట్టె మీద ఉన్నవి ముందు

లిస్టుల్లో ఎయిర్‌పోర్ట్, ఎస్కలేటర్, బోర్డింగ్ గేట్ ముందుంటాయి. అవి బోర్డు చూసినా తెలుస్తాయి. బోర్డు చెప్పనివి మీ సొంత సామాను సంగతులు. కాబట్టి అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

మొత్తం సామాను ‘ఎల్ ఎకిపాహె’. చేత్తో పట్టుకెళ్లేది ‘ఎకిపాహె దె మానొ’, మానొ అంటే చెయ్యి. సూట్‌కేస్ ‘ల మలేత’. వీపు సంచి ‘ల మొచీల’. చేతి సంచి, కవర్ ‘ల బోల్స’. తాళం కప్ప ‘ఎల్ కందాదొ’, తాళం చెవి ‘ల యాబె’. జిప్ ‘ల క్రెమయేర’. చక్రం ‘ల ర్రుఎద’. పట్టుకునే పిడి ‘ఎల్ ఆస’. బస్సు డిక్కీ ‘ఎల్ మలెతేరొ’. సామాను కాసేపు దాచుకునే గది ‘ల కొన్సిగ్న’.

మొచీల వెనక చిన్న కథ ఉంది. పూర్వం కబుర్లు, ఉత్తరాలు మోసుకెళ్లే కుర్రాణ్ణి ‘మొచీల్’ అనేవాళ్లు. ఆ మాట బాస్క్ భాష నుంచి వచ్చింది. కుర్రాడి పేరే వాడి వీపు మీది సంచికి అంటుకుపోయింది.

ముందున్న ఎల్, ల చూసి బెదరకండి. మనకి పెట్టె, సంచి, గంప అన్నీ ‘అది’. స్పానిష్‌లో ప్రతి వస్తువూ ఆడో మగో అయి తీరాలి. చివర ‘ఆ’ ఉంటే చాలావరకు ‘ల’, ‘ఒ’ ఉంటే ‘ఎల్’. ‘మానొ’ మాత్రం ఒ తో ఆగినా ‘ల మానొ’యే. ఒకటి రెండు తప్పులు చెప్పినా పెట్టె దొరుకుతుంది, కంగారు లేదు.

ఇక రైలు, బస్సు సంగతి. టికెట్ ‘బియేతె’. ప్లాట్‌ఫామ్ ‘అందేన్’. సీటు ‘అసియెంతొ’. స్టాపు ‘పరాద’. రానూపోనూ టికెట్ కావాలంటే ‘ఈద ఇ బుఎల్త’. సొరంగం ‘తూనెల్’. ఇది మాత్రం అరకు రైల్లో ఎవరూ మర్చిపోలేరు!

ఒక హెచ్చరిక. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. ఇంట్లో మాట్లాడేవాళ్లే దాదాపు 50 కోట్ల మంది. కాబట్టి మాట ఊరు మారితే మారుతుంది, మన శ్రీకాకుళం, చిత్తూరు తేడా లాగే. స్పెయిన్ మలేత అర్జెంటీనాలో ‘బలీహ’. స్పెయిన్‌లో బస్సు ‘అవుతొబూస్’, మెక్సికోలో ‘కమియోన్’, క్యూబాలో ‘గ్వాగ్వ’. టికెట్‌ని అమెరికా ఖండంలో ఎక్కువగా ‘బొలేతొ’ అంటారు.

తెలుగువాళ్లకి కలిసొచ్చేవి

చాలామంది స్పానిష్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటారు. నేనూ అంతే. అక్కడే తప్పు చేశాను. మలేతాని ‘మలేటా’ అనేవాణ్ణి. ఇంగ్లీషు ట, డ లు అక్కడ లేవు. వాళ్లవి మన త, ద లే. ఎ, ఒ లు మనలాగే పొట్టిగా, సూటిగా పలుకుతారు. ‘ఎస్పఞోల్’ అనడానికి కావాల్సిన ఞ మన గుణింతాల పుస్తకంలో ఎప్పట్నుంచో ఖాళీగా కూర్చుని ఉంది. మాట మొదట్లో వచ్చే ర ని మాత్రం గట్టిగా, నాలుక ఆడించి పలకాలి. ఇంకోటి, మాడ్రిడ్‌లో స కొన్ని చోట్ల థ లా వినిపిస్తుంది. మెక్సికోలో అన్నీ స లే.

వాక్యాల్లోనూ ఒక చుట్టరికం దొరికింది. ‘మె గుస్త ఎల్ కఫే’. ఇంగ్లీషు మీదుగా వస్తే ఇది తలకిందులుగా ఉంటుంది. తెలుగు మీదుగా వస్తే ‘నాకు కాఫీ ఇష్టం’, అంతే! ‘మె దుఎలె ల కబేస’, నాకు తల నొప్పిగా ఉంది. అన్నీ ఇలా కుదరవనుకోండి. ఆకలేస్తే మాత్రం వాళ్లు ‘తెంగొ ఆంబ్రె’ అంటారు, ఆకలి నా దగ్గరుంది అన్నట్టు.

నాకు గ్రనాడాలో కావాల్సిన వాక్యం కూడా ఆ ‘నాకు’ బాపతే. ‘సె మె ఆ ఒల్బిదాదొ ల మలేత ఎన్ ఎల్ అవుతొబూస్’. సూట్‌కేస్ బస్సులో మరుపున పడింది నాకు, అన్నట్టుంటుంది. నేను మర్చిపోయాను అని నెత్తిన వేసుకోనక్కర్లేదు. మనం ‘గ్లాసు పగలగొట్టాను’ అనకుండా ‘గ్లాసు పగిలిపోయింది’ అంటాం చూడండి, అలాంటి తెలివే.

దూరపు చుట్టాలు

అరబ్బీ మాట్లాడే పాలకులు స్పెయిన్‌లో 711లో అడుగుపెట్టారు. చివరిగా గ్రనాడా చేజారింది 1492లో. ఆ దాదాపు ఎనిమిది వందల ఏళ్లలో వేల మాటలు స్పానిష్‌లోకి చేరాయి. అవే మాటలు కొన్ని ఇటు ఉర్దూ, ఫార్సీల మీదుగా మనకీ వచ్చాయి. ఇల్లు, కారు అద్దెకి తీసుకోవాలంటే స్పానిష్‌లో ‘అల్కిలేర్’. దాని మూలం అరబ్బీ ‘కిరా’. మన కిరాయి కూడా అదే! ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిపించే కస్టమ్స్ వాళ్లది ‘అద్వాన’. అది మన దివాణానికి చుట్టం. పెట్టెలో పెట్టుకునే చొక్కా ‘కమీస’, మన కమీజుకి తోబుట్టువు. సబ్బు ‘హబోన్’. దారిలో తినే నారింజ ‘నరాంహ’. కాఫీలో వేసుకునే ‘అసూకర్’ సంస్కృత శర్కర నుంచి అరబ్బీ మీదుగా అంత దూరం పోయింది, మన చక్కెర ఇక్కడే ఉండిపోయింది. మన అల్మరా పోర్చుగీసు వాళ్లు తెచ్చిన మాట, స్పానిష్‌లో దాని అక్క ‘అర్మారియొ’.

స్పానిష్ మన రాష్ట్రానికి మరీ కొత్తదేమీ కాదు. బార్సెలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ మొదలుపెట్టారు. 2009లో చనిపోయేవరకూ అదే ఆయన ఊరు. స్పెయిన్ దాతల ఉత్తరాలు, రాకపోకలు అక్కడ మామూలే. ఆ సంస్థ పల్లెటూరి పిల్లలకి విదేశీ భాషలు నేర్పే బడి కూడా నడుపుతోంది. హైదరాబాద్‌లో ఇఫ్లూలో స్పానిష్ డిగ్రీయే చేయొచ్చు. అంటే దారులున్నాయి, యాప్ ఒక్కటే దిక్కు కాదు.

‘ఏటి బాబూ, నీలో నువ్వే?’

ఇప్పుడు అసలు సంగతి. ఎస్.కోటలో ఒక పెద్దావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. కాళ్ల దగ్గర గంప, ఒళ్లో మూట. మూడు సొరంగాలు ఓపిక పట్టింది. నాలుగో సొరంగం దాటాక అడిగేసింది.

“ఏటి బాబూ, సీకటి పడితే సాలు నీలో నువ్వే గొణుగుతన్నావు? మంత్రమేటి?”

“మంత్రం కాదమ్మా, వేరే దేశం భాష నేర్చుకుంటున్నాను. ఈ రైల్లో కనిపించేవాటికి వాళ్లేమంటారో గుర్తుపెట్టుకుంటున్నాను.”

“అయితే దీన్నేటంటారు?” అని గంప చూపించింది.

నాకు తెలీదు! నా లిస్టులో గంప లేదు. అప్పుడు సిగ్నల్ కూడా లేదు. త్యాడలో ఆగాక వెతికి చెప్పాను. “సెస్త అంటారమ్మా.”

“సెస్త” అంది ఆవిడ, నాకంటే శుభ్రంగా. తర్వాత, “మావోళ్ల మాట నీకేటైనా వచ్చా?” అని అడిగింది.

వాళ్లు కొండదొరలు. ఊళ్లో పెద్దోళ్లు ఇంకా కొండ భాష మాట్లాడుకుంటారట. నేను అరకు కనీసం పదిసార్లు వచ్చుంటాను. బొంగు చికెన్ తిన్నాను, థింసా వీడియోలు తీశాను, కాఫీ ప్యాకెట్లు కొన్నాను. ఈ కొండల్లో మాట్లాడే భాషల్లో ఒక్క మాట నాకు రాదు. ఆ సంగతి చెప్పడానికి సిగ్గేసింది.

“నీళ్లని ఏరు అంటాం” అందావిడ. మనకి ఏరంటే పారే వాగు. వాళ్లకి చెంబులో ఉన్నా ఏరే. కొండ భాష తెలుగుకి అక్కచెల్లెలి వరస, ద్రావిడ భాషే. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఈ భాష మీద రాసిన వ్యాకరణం 1969లోనే వచ్చింది. ఇదే కొండల్లో కువి ఉంది, ఊరికీ ఊరికీ మధ్య సంతల్లో వినిపించే ఆదివాసీ ఒడియా ఉంది.

“మా మనవడు బళ్లో సేరిన కొత్తల్లో ఏటీ మాటాడేవోడు కాదు. మాస్టారు సెవుడనుకున్నారు” అని నవ్వేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

నేను నవ్వలేకపోయాను. గ్రనాడా కౌంటర్ ముందు నేను నిలబడ్డదీ అలాగే కదా. పెట్టె నాది, చక్రం నాది, దారం నాది, చెప్పడానికి మాట మాత్రం లేదు. నాకది ఒక్క రోజు. ఆరేళ్ల పిల్లాడికి బడి ఉన్న ప్రతి రోజూ అదే అయితే? ఇంట్లో ఏరు తాగి వచ్చిన పిల్లాణ్ణి ‘నీళ్లు అంటే ఏమిటి’ అని అడిగితే వాడికి రాకపోవడం వాడి బుర్ర లోపం కాదు. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో కొండ, కువి, సవర, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకి పాఠాలు తయారుచేసి చెప్పడం మొదలుపెట్టారు. ముందు ఇంటి మాట, తర్వాత మెల్లగా తెలుగు. ఆ పద్ధతి ఎందుకు అవసరమో సూట్‌కేస్ పోగొట్టుకునేదాకా నాకు తెలీలేదు.

జేబులో పెట్టుకోండి

మీరు ఏ దేశం వెళ్లినా సరే, బయల్దేరే ముందు రాత్రి మీ పెట్టె ముందు కూర్చోండి. దాన్ని మీ ఇంటివాళ్లు కాకుండా పరాయివాళ్లు గుర్తుపట్టాలంటే ఏం చెప్పాలో ఆలోచించండి. ఆ నాలుగు ముక్కలు ఆ దేశం భాషలో నేర్చుకోండి, కాగితం మీద కూడా రాసి జేబులో పెట్టుకోండి. మందులు మాత్రం పెద్ద పెట్టెలో వద్దు, చేతి సంచిలోనే. నా నాలుగు ముక్కలు ఇవి.

‘మి మలేత ఎస్ అసూల్.’ నా సూట్‌కేస్ నీలం.

‘తియెనె ఉన ర్రుఎద ర్రోత.’ ఒక చక్రం విరిగింది.

‘తియెనె ఉన్ ఈలొ ర్రోహొ ఎన్ ఎల్ ఆస.’ పిడికి ఎర్ర దారం ఉంది.

‘దెంత్రొ ఆయ్ ఉన్ ఇనలదోర్.’ లోపల ఇన్‌హేలర్ ఉంది.

వచ్చే నెల మళ్లీ మాడ్రిడ్ వెళ్తున్నాను. పెట్టె అదే, చక్రం ఇంకా బాగు చేయించలేదు. చేయిస్తే గుర్తు పోతుందని అమ్మ వద్దంది.

ఆ రోజు అరకులో దిగేటప్పుడు పెద్దావిడ గంప నెత్తికెత్తడానికి సాయం పట్టాను. బరువుగానే ఉంది. ఆవిడ సర్దుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి అడిగింది.

“నీళ్లనేటంటాం?”

“ఏరు” అన్నాను.

“దీన్ని?” అని గంప వైపు వేలు చూపించింది. నేను నోరు తెరిచేలోపే తనే చెప్పేసింది. “సెస్త.”